అలుపెఱుగని గుండె

2021వ సంవత్సరము ఫిబ్రవరి 2వ తేదీన హైదరాబాదు నగరములో ఒక మెట్రో రైలు నాగోలు స్టేషనునుండి బయలుదేరి, నడుమ ఏ స్టేషనునందును నిలువక, జూబిలీహిల్సు చేరినది. సుమారు 21 కిలోమీటర్ల ఆ దూరమును అది అరగంటలోపల దాటినది. ఆ రైలులో మంత్రులు లేరు, ధనరాసులు లేవు. వైద్యులు కంటికి ఱెప్పవలె కాపాడుచు తెచ్చుచున్న ఒక పెట్టె మాత్రము కలదు. ఆ పెట్టెలో చల్లదనము నడుమ భద్రముగా ఉంచబడినది ఒక మనుష్యుని గుండె. మెదడు పూర్తిగా పని మానిపోయి, ఇక బ్రతుకు ఆశ లేని ఒక రైతు గుండెను అతని కుటుంబమువారు దుఃఖములోనే ధైర్యము వహించి దానము చేసిరి. జూబిలీహిల్సులోని ఆసుపత్రిలో ఆ గుండె కొఱకు మఱియొక రోగి ఎదురుచూచుచుండెను.

ఇంత తొందర ఎందులకు? శరీరమునుండి వేఱుచేసిన గుండెను సుమారు 4 గంటలలోపల మఱియొక శరీరములో అమర్పవలెను. ఆలస్యమైనకొలది దాని బలము తగ్గిపోవును. ఆనాడు నగరములోని రోడ్లపై వాహనములు క్రిక్కిఱిసియుండును గనుక వైద్యులు రైలుమార్గము నాశ్రయించిరి. ఆ మార్గమే జూబిలీహిల్సు దాటి, హైటెక్ సిటీ మీదుగా రాయదుర్గము వరకు సాగును.

ఒక తరమునకు పూర్వము ఆ మాదాపూరు ప్రాంతమంతయు రాతిగుట్టలతోను, తుప్పలతోను నిండియుండెడిది. పూర్వము గోలకొండ కోటకు నీరందించిన దుర్గము చెఱువు ఆ గుట్టల నడుమ ప్రశాంతముగా నుండెడిది. 1998 నవంబరు 22వ తేదీన ఆనాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయిగారు అచ్చట సైబర్ టవర్సు భవనమును ప్రారంభించిరి. నాటినుండి మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి ప్రాంతములు అద్దాల మేడలతో నిండి, సైబరాబాదు అను క్రొత్త పేరుతో ప్రసిద్ధి కెక్కినవి. ప్రతి ఉదయమున లక్షలకొలది ఉద్యోగులు ఆ మేడలకు పోవుదురు, సాయంకాలమున మరలివత్తురు. ఒక కూడలిలో ఒక్క బస్సు చెడి నిలిచిపోయినచో దాని వెనుక ఎంత దూరము వాహనములు స్తంభించిపోవునో చూచినవారెల్లరు ఎఱుగుదురు.

మన శరీరమును ఇట్టి నగరమే. అందు సుమారు 30 లక్షల కోట్ల జీవకణములు నివసించుచున్నవి. వానిలో ప్రతిదానికిని ప్రాణవాయువు కావలెను, ఆహారము కావలెను. అచ్చట పుట్టిన మాలిన్యమును ఎప్పటికప్పుడు తొలగింపవలెను. ఈ రాకపోకలన్నియు రక్తమువలన జరుగుచున్నవి. రక్తమును నడిపించునది గుండె.

గుండె సామాన్యముగా ఎవరి పిడికిలియంత పరిమాణములో వారికుండును. పెద్దవారిలో దాని బరువు సుమారు 300 గ్రాములు. రొమ్ములో రెండు ఊపిరితిత్తుల నడుమ, కొన కొంచెము ఎడమ వైపునకు వాలియుండును. అది బోలుగా నున్న కండరము. దానిలో నాలుగు గదులు కలవు. పై రెండింటిని కర్ణికలనియు, క్రింది రెండింటిని జఠరికలనియు అందురు. కుడి ఎడమల నడుమ గట్టి గోడ యుండుటచే ఆ రెండు వైపుల రక్తము కలిసికొనదు. కావున గుండె ఒకటి యని మనమనుకొన్నను, నిజమునకది ప్రక్కప్రక్కన అమర్చిన రెండు పంపులని చెప్పవచ్చును.

శరీరమంతయు తిరిగి, ప్రాణవాయువును పంచిపెట్టి, బొగ్గుపులుసు వాయువును మోసికొనివచ్చిన రక్తము రెండు పెద్ద సిరలగుండ కుడి కర్ణికను చేరును. అచ్చటినుండి కుడి జఠరికలోనికి దిగును. కుడి జఠరిక ముడుచుకొని దానిని ఊపిరితిత్తులకు నెట్టును. అచ్చట రక్తము బొగ్గుపులుసు వాయువును విడిచి, ప్రాణవాయువును గ్రహించి, కాంతివంతమైన ఎఱుపు రంగును పొందును. ఆ రక్తము ఎడమ కర్ణికకు వచ్చి, ఎడమ జఠరికలోనికి దిగును. ఎడమ జఠరిక ముడుచుకొనినప్పుడు అది బృహద్ధమనిలో ప్రవేశించి, శాఖోపశాఖలుగా చీలిన ధమనులగుండ తలనుండి అరికాలివఱకు ప్రవహించును. కుడి జఠరిక ప్రక్కనే యున్న ఊపిరితిత్తులకు రక్తమును పంపిన చాలును. ఎడమ జఠరికయో, శరీరమంతటికిని పంపవలెను. అందుచేతనే ఎడమ జఠరిక గోడ మిక్కిలి మందముగా నుండును.

పంటకాలువలో నీరు వెనుకకు పోకుండ తూములకు తలుపులు అమర్చుట మీరు చూచియుందురు. గుండెలోను నాలుగు కవాటములు కలవు. అవి రక్తమును ముందుకు పోనిచ్చును గాని వెనుకకు రానీయవు. వైద్యుడు రొమ్ముపై గొట్టము నుంచి వినెడి ‘లబ్-డబ్’ అను చప్పుడు ఈ కవాటములు మూసికొనుటవలన కలిగినదే. 1816లో ఫ్రాన్సు దేశీయుడైన లాయెన్నెక్ అను వైద్యుడు కాగితమును గొట్టముగా చుట్టి రోగి గుండె చప్పుడును వినెను. నేటి స్టెతస్కోపునకు అదియే ఆది.

పెద్ద కాలువ పిల్లకాలువలుగా చీలి, పిల్లకాలువలు బోదెలై, తుదకు ప్రతి మడిని తడుపునట్లు, ధమనులు చీలి చీలి వెండ్రుకకన్న సన్నని కేశనాళికలగును. వానిలో ఎఱ్ఱ రక్తకణములు ఒకదాని వెనుక నొకటి బారుతీరి పోవలసినదే. ఇచ్చిపుచ్చుకొనుటలన్నియు జరుగునది ఇచ్చటనే. పిమ్మట కేశనాళికలు కలిసి సిరలై, రక్తమును మరల గుండెకు చేర్చును.

నేడు మనకు సులభముగా తోచు ఈ సంగతి వేలకొలది సంవత్సరములు ఎవరికిని తెలియలేదు. కాలేయమునందు ఆహారమునుండి రక్తము పుట్టి, శరీరములో ఇంకిపోవునని గ్రీకు వైద్యుడు గాలెన్ బోధించెను. సుమారు 1400 సంవత్సరములు ప్రపంచము దానినే నమ్మెను. ఇంగ్లండు దేశములో విలియం హార్వే అను వైద్యుడు మాత్రము ఒక చిన్న లెక్క వేసెను. గుండె ఒక్కొక్క తడవ నెట్టు రక్తమును, అది కొట్టుకొను తడవలతో గుణించి చూడగా, శరీరములోని మొత్తము రక్తముకన్న ఎక్కువ రక్తము అరగంటలో గుండెనుండి బయలుదేరవలసి వచ్చెను. అంత రక్తము అంత త్వరగా పుట్టుట అసంభవము. కావున అదే రక్తము మరల మరల తిరుగుచున్నదని అతడు నిశ్చయించి, 1628లో గ్రంథముగా ప్రకటించెను. అయినను ధమనులనుండి సిరలకు రక్తము ఏ దారిని పోవునో అతడు కంటితో చూడలేకపోయెను. 1661లో ఇటలీ దేశీయుడు మాల్పీజీ సూక్ష్మదర్శినితో కప్ప ఊపిరితిత్తులను పరీక్షించి కేశనాళికలను కనుగొనెను. అప్పటికి హార్వే మరణించి నాలుగేండ్లయినది.

హార్వే వేసిన లెక్కను మీరును వేయవచ్చును. బొటనవ్రేలి వైపున మణికట్టుపై రెండు వ్రేళ్లనుంచి, ఒక నిమిషమునందు నాడి ఎన్ని మాఱులు కొట్టుకొనునో లెక్కింపుడు. విశ్రాంతిగా నున్న పెద్దవారికి అది సుమారు 72. ఒక్కొక్క మాఱు ఎడమ జఠరికనుండి వెడలు రక్తము సుమారు 70 మిల్లీలీటర్లు. అనగా నిమిషమునకు సుమారు 5 లీటర్లు. ఒక దినమున గుండె లక్షకు పైగా కొట్టుకొని, 7,000 లీటర్లకు పైగా రక్తమును నడిపించుచున్నది.

ఇంత పని చేయు గుండె అలసిపోదా? ఇందులో నొక రహస్యము కలదు. గుండె ఒక మాఱు కొట్టుకొనుటకు పట్టు కాలము సుమారు 0.8 సెకను. అందు జఠరికలు ముడుచుకొనియుండునది 0.3 సెకను మాత్రమే, మిగిలిన 0.5 సెకను విశ్రాంతి. పనికిని పనికిని నడుమ విశ్రమించుట తెలిసినది గనుకనే అది జీవితాంతము పనిచేయగలుగుచున్నది.

గుండెను కొట్టుకొనుమని ఆజ్ఞాపించునదేది? మెదడు కాదు. కుడి కర్ణిక గోడలో లయారంభకమను చిన్న కణసముదాయము కలదు. అది తనంతట తానే విద్యుత్సంకేతమును పుట్టించి గుండె అంతటికిని పంపును. మెదడునుండి వచ్చు నరములు ఆ వేగమును హెచ్చించుట, తగ్గించుట మాత్రమే చేయును. అందుచేతనే, నరములన్నియు తెగిపోయినను, మెట్రో రైలులో ప్రయాణించిన గుండెవంటిది క్రొత్త శరీరములో అమర్పగా మరల కొట్టుకొనగలదు.

ఇక గుండె కండరమునకు శక్తి ఎచ్చటినుండి వచ్చును? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పినవారిలో మన తెలుగువాడొకడు కలడు. 1895లో భీమవరములో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికా దేశమున హార్వర్డు వైద్య కళాశాలలో ఫిస్కే అను ఆచార్యునితో కలసి కండరములను పరిశోధించి, 1927లో ఫాస్ఫోక్రియేటిన్ అను పదార్థమును, 1929లో ఏ.టి.పి. అను పదార్థమును వెల్లడించెను. ఆ ఏ.టి.పి.ని ఆ కాలమందే జర్మనీలో లోమాన్ కూడ కనుగొనెను. కండరము ముడుచుకొనుటకు వలసిన శక్తిని ఇచ్చునది ఏ.టి.పి. గుండెలో దాని నిలువ కొన్ని సెకనులకు మాత్రమే చాలును. ప్రాణవాయువు నిరంతరము అందినగాని అది మరల తయారుకాదు. గుండె తన గదులలోని రక్తమునుండి తన అవసరమును తీర్చుకొనదు. బృహద్ధమని మొదట పుట్టిన రెండు హృద్ధమనులే దానికి రక్తము నందించును. ఊరికెల్ల నీరు పంచు కాపరి పొలమునకును ఒక సన్నని బోదెయే దిక్కయినట్లు, గుండె బ్రతుకు ఆ రెండు నాళములపై ఆధారపడియున్నది. దాని కష్టములు పెక్కు ఇచ్చటనే ఆరంభమగును.

సిగరెట్టు పొగ, చక్కెర వ్యాధి, అధికమైన రక్తపోటు, రక్తములో మితిమీఱిన చెడు కొలెస్టరాల్, ఇవి ధమనుల లోపలి పొరను గాయపఱచును. ఆ తావులలో కొవ్వు పేరుకొని గట్టిపడి, దారి ఇఱుకగును. ఇది ఒక్కనాట జరుగదు. యౌవనముననే ఆరంభమై, ఏండ్ల తరబడి బాధ లేకుండ పెరుగును. ఒకనాడు ఆ కొవ్వుగడ్డ చిట్లును. చిట్లినచోట రక్తము గడ్డకట్టి నాళమును మూసివేయును. ఆ నాళముపై ఆధారపడిన గుండె భాగము ప్రాణవాయువు లేక చచ్చుచుండును. దీనినే గుండెపోటు అందురు. రొమ్ము నడుమ బరువు పెట్టినట్లుండుట, నొప్పి ఎడమ చేతికిని, దవడకును, వీపునకును ప్రాకుట, చెమట పట్టుట, ఆయాసము దీని లక్షణములు. మన ఇండ్లలో అనేకులు దీనిని గ్యాసు నొప్పి యనుకొని సోడా త్రాగి పరుండుదురు. చక్కెర వ్యాధిగ్రస్తులలో నొప్పి స్పష్టముగా తెలియకయే గుండెపోటు రావచ్చును. ఈ సమయమున పోవు ప్రతి నిమిషముతోను కొంత గుండె కండరము నశించుచుండును. నశించిన కండరము మరల మొలవదు.

రక్తపోటు అనగా రక్తము ధమనుల గోడలపై కలిగించు ఒత్తిడి. గుండె ముడుచుకొనినప్పుడు 120, విశ్రమించినప్పుడు 80 వఱకు ఉండుట ఆరోగ్యము. తఱచు కొలిచినను అది 140, 90లకు తగ్గకున్నచో వ్యాధి యని భావింతురు. అధిక రక్తపోటునకు సామాన్యముగా ఏ లక్షణమును ఉండదు. కొలిచి చూచినగాని తెలియని శత్రువది.

పిల్లల గుండెకు వేఱొక అపాయము కలదు. ఒక జాతి సూక్ష్మజీవులవలన గొంతు వాచి జ్వరము వచ్చినప్పుడు సరియైన చికిత్స చేయకున్నచో, కొందఱిలో కీళ్లవాతపు జ్వరము కలిగి గుండె కవాటములు చెడిపోవును. కావున గొంతు నొప్పి జ్వరమును ఉపేక్షింపరాదు.

గుండె ఆగిపోవుటను గూర్చి పూర్వము హైదరాబాదులో ఒక గొప్ప పరిశోధన జరిగినది. శస్త్రచికిత్సకు ముందు మత్తు కలిగించుటకై వాడు క్లోరోఫారమువలన కొందఱు రోగులు హఠాత్తుగా మరణించుచుండిరి. మొదట ఆగునది శ్వాసమా, గుండెయా అను సందేహమును తీర్చుటకు హైదరాబాదు వైద్య పాఠశాలాధిపతి యగు ఎడ్వర్డు లారీ, నిజాము ప్రభుత్వపు ధనసహాయముతో 1888లోను, 1889లోను రెండు సంఘములను నడిపెను. లండనునుండి లాడర్ బ్రంటన్ అను వైద్యుడు వచ్చి రెండవ సంఘములో పాల్గొనెను. జంతువులపై అనేక ప్రయోగములు చేసి, శ్వాసమే ముందు ఆగును గనుక వైద్యుడు శ్వాసమును గమనించిన చాలునని వారు తేల్చిరి. కాని 1911లో లీవీ అను ఆంగ్ల వైద్యుడు క్లోరోఫారము కొన్ని సమయములలో గుండె లయను చెఱచి, దానిని నేరుగా ఆపివేయగలదని నిరూపించెను. హైదరాబాదు సంఘము శ్రమ గొప్పదే. నిర్ణయము మాత్రము సంపూర్ణము కాదయ్యెను. ఎంత పెద్దలు చెప్పినను మరల పరీక్షించుటయే విజ్ఞానశాస్త్రపు మార్గమని ఇందువలన తెలియుచున్నది.

లీవీ గమనించిన ఆ లయభంగమే నేటికిని హఠాన్మరణములకు ముఖ్య కారణము. గుండెపోటు వేఱు, గుండె ఆగిపోవుట వేఱు. గుండెపోటులో నాళము మూసికొనును. మనిషి తఱచు స్పృహలోనే యుండును. గుండె ఆగినప్పుడు లయ చెడి, జఠరికలు వణకుటయే గాని ముడుచుకొనవు. మనిషి వెంటనే కూలిపోవును. 4, 5 నిమిషములలో మెదడు చెడుట ఆరంభమగును.

2023 ఫిబ్రవరిలో సైబరాబాదు పోలీసు పరిధిలోని ఆరాంఘర్ చౌరస్తా వద్ద ఒక వ్యక్తి నడిరోడ్డుపై ఇట్లే కూలిపోయెను. అచ్చట విధి నిర్వహణలో నున్న ఒక ట్రాఫిక్ కానిస్టేబుల్ పరుగున వచ్చి, రెండు చేతులతో అతని రొమ్మును అదేపనిగా నొక్కెను. కొంతసేపటికి ఆ వ్యక్తిలో చలనము కలిగినది. అతనిని ఆసుపత్రికి చేర్చిరి. ఆ కానిస్టేబుల్ వద్ద మందులు లేవు, యంత్రములు లేవు. అతనికి తెలిసినది సి.పి.ఆర్. అను విద్య ఒక్కటే.

ఆ విద్యను మీరును నేర్వవచ్చును. పడిపోయినవారు పిలిచినను పలుకక, సరిగా ఊపిరి తీయకున్నచో, ముందు 108కు ఫోను చేయుటకు ఒకరిని పురమాయింపవలెను. ఈ 108 సేవ హైదరాబాదులో 2005 ఆగస్టు 15న ఆరంభమైనది. పిదప రోగిని గట్టి నేలపై వెల్లకిల పరుండబెట్టి, రొమ్ము నడుమ ఒక అఱచేతి మడమను, దానిపై రెండవ చేతిని ఉంచి, మోచేతులు వంచక, పెద్దవారికి సుమారు 5 సెంటీమీటర్ల లోతు దిగునట్లు, నిమిషమునకు 100 నుండి 120 మాఱులు నొక్కవలెను. ప్రతి నొక్కునకును రొమ్మును పూర్తిగా పైకి లేవనీయవలెను. సహాయము వచ్చువఱకు ఆపరాదు. ఆగిన గుండె చేయవలసిన పనిని ఆ సమయమున మన చేతులు చేయుచుండును. చదివిన మాత్రమున ఇది రాదు. తెలిసినవారి యెదుట బొమ్మపై అభ్యసింపవలెను.

మూసికొనిన నాళమును తెఱచుటకు నేడు మార్గములున్నవి. 1977లో గ్రూయెంట్‌జిగ్ అను వైద్యుడు స్విట్జర్లాండులో సన్నని గొట్టమును హృద్ధమనిలోనికి పంపి, దాని కొననున్న చిన్న బుడగను ఉబ్బించి దారిని వెడల్పు చేసెను. దారి మరల మూసికొనకుండ లోహపు జాలిగొట్టమును నిలుపుట తరువాత వచ్చినది. దీనికి స్టెంటని పేరు. విదేశములనుండి వచ్చు స్టెంట్లు పేదలకు అందుబాటులో లేకుండుట చూచి, హృద్రోగ నిపుణులు బి. సోమరాజుగారు, రక్షణ శాస్త్రవేత్త ఏ.పి.జె. అబ్దుల్ కలాంగారు కలసి 1998లో చౌక స్టెంటును రూపొందించిరి. దానికి కలాం-రాజు స్టెంటని పేరు వచ్చినది. క్షిపణులు తయారుచేయు విద్య రోగి ప్రాణము నిలుపుటకును ఉపయోగపడినది.

అయినను చికిత్సకన్న రక్షణ మేలు. హైదరాబాదు విశ్వవిద్యాలయమువారును, గచ్చిబౌలిలోని ఏ.ఐ.జి. ఆసుపత్రివారును కలసి హైదరాబాదులోని 345 మంది ఐ.టి. ఉద్యోగులను పరీక్షించి 2025లో ఫలితములను ప్రకటించిరి. వారిలో నూటికి 84 మందికి కాలేయమున కొవ్వు పేరుకొనియున్నది. నూటికి 71 మంది స్థూలకాయులు. నూటికి 34 మందిలో రక్తపోటు, చక్కెర, కొవ్వు, నడుము చుట్టుకొలత మున్నగువానిలో పలు దోషములు ఒకేచోట కనబడినవి. ఇట్టి దోషములున్నవారికి గుండె జబ్బు భయము ఎక్కువ. వారు సోమరులు కారు, బుద్ధితో కష్టించువారే. కాని గంటలకొలది కదలక కూర్చుండుట, రాత్రులు మేల్కొనుట, వేళ తప్పి తినుట, మనసునకు విశ్రాంతి లేకుండుట శరీరము సహింపదు. నడచునప్పుడు పిక్కల కండరములు సిరలను నొక్కి రక్తమును పైకి పంపును గనుక వానికి రెండవ గుండె యని పేరు. మనము కదలకున్నచో ఆ రెండవ గుండె నిద్రించుచుండును.

గుండెను కాపాడు నియమములు కఠినమైనవి కావు. పిల్లలు దినమునకు ఒక గంట ఆటలాడవలెను. పెద్దలు వారములో ఎక్కువ దినములు అరగంటయైన చుఱుకుగా నడువవలెను. ఉప్పు దినమునకు 5 గ్రాములు మించరాదు. ఆవకాయయు, అప్పడమును రుచికే గాని కడుపు నింపుకొనుటకు కావని గుర్తుంచుకొనవలెను. ఆకుకూరలు, కాయధాన్యములు, పండ్లు తినవలెను. పొగాకును ఏ రూపమునను ముట్టరాదు. చాలినంత నిద్రింపవలెను. ఇంటిలోని పెద్దల రక్తపోటును అప్పుడప్పుడు కొలిపించుమని మీరే వారిని హెచ్చరింపవలెను.

ఆనాడు ఒక గుండె కొఱకు హైదరాబాదులో రైలు ఎచ్చటను ఆగక పరుగెత్తినది. ఎందఱో కష్టించినగాని ఆ ఒక్క గుండె మఱియొకరికి అందలేదు. మనలో ప్రతి యొక్కరికిని అట్టి అమూల్యమైన గుండె అడుగకయే లభించినది. మీరీ పాఠము చదువుచుండగనే అది వందలకొలది మాఱులు కొట్టుకొనినది. దానికి మనము చేయగల ప్రత్యుపకారము, దాని దారులను మూసివేయకుండుటయే.